గుర్రప్పందేలు: గుర్రాల సేఫ్టీ టెక్నాలజీ, పందెం చట్టాల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

రేసుల గురించి ఎక్కడ మాట వచ్చినా రెండే గొడవలు. గుర్రాల్ని చంపుతున్నారు కదా అని ఒకరు, ఇది జూదమే కదా దీనికి పర్మిషన్ ఎలా ఇచ్చారు అని ఇంకొకరు. ఈ రెండూ వేరు వేరు విషయాలు అనుకుంటారు గానీ కాదు, స్కానర్ కొనే డబ్బు పందెం నుంచే వస్తుంది, పందెం చట్టం ఎటు తిరిగితే గుర్రం కాలికి దక్కే జాగ్రత్త కూడా అటే తిరుగుతుంది. పదే పదే అడిగే డౌట్లన్నీ ఇక్కడ పెట్టాను, ఏది కావాలంటే అది చదువుకోండి, ఒకదానికోసం ఇంకోటి చూడక్కర్లేదు.

## రేసుకి ముందు

గుర్రం కాలు విరిగితే ఎందుకు చంపేస్తారు, మనుషుల్లాగా కట్టు కట్టి నయం చేయలేరా?

కొన్ని ఫ్రాక్చర్లకి చేస్తారు, సర్జరీ చేసి ప్లేట్లు స్క్రూలు వేస్తారు, అవి బతికి మళ్ళీ పరిగెత్తినవి కూడా ఉన్నాయి. ఇబ్బందల్లా ఎముక ముక్కలు ముక్కలైనప్పుడు, చర్మం చీల్చుకుని బయటికి వచ్చినప్పుడు, రక్తనాళాలు తెగినప్పుడు. అర టన్ను దాకా బరువుండే జంతువు, నెలల తరబడి మంచం మీద పడుకోబెట్టే వీలు లేదు, నిలబడే ఉండాలి. దెబ్బ తగిలిన కాలు దించదు కాబట్టి బరువంతా ఎదురుకాలి మీద పడుతుంది, ఆ గిట్టలో లామినైటిస్ మొదలవుతుంది, అంటే గిట్ట గోడకీ లోపలి ఎముకకీ ఉన్న పట్టు ఊడిపోవడం, ఆ నొప్పి మామూలుది కాదు. అమెరికాలో 2006 కెంటకీ డెర్బీ గెలిచిన బార్బారో అనే గుర్రం, ప్రీక్నెస్ అనే ఇంకో పెద్ద రేసులో కాలు విరగ్గొట్టుకుంటే గొప్ప డాక్టర్లు నెలల తరబడి కష్టపడ్డారు, విరిగిన కాలు చాలావరకు కుదురుకుంది కూడా, చివరికి లామినైటిస్ వల్లే 2007 జనవరిలో దాన్ని పోనివ్వాల్సి వచ్చింది.

నిమిషం ముందు దాకా బాగా పరిగెత్తిన గుర్రం కాలు సడన్‌గా ఎలా విరుగుతుంది?

సడన్‌గా విరగదు, చాలా కేసుల్లో అప్పటికే సన్నగా దెబ్బతిని ఉంటుంది. రోజూ స్పీడ్ ట్రైనింగ్‌లో ఎముకలో కంటికి కనపడని చీలికలు వస్తాయి, రెస్ట్ ఇస్తే శరీరమే పూడ్చుకుంటుంది, ఇవ్వకపోతే అవి పెరుగుతాయి. గిట్టకి పైన ఉండే కీలుని ఫెట్‌లాక్ అంటారు, దాని వెనక సెసమాయిడ్ అని రెండు చిన్న ఎముకలుంటాయి, ప్రాణం తీసే దెబ్బల్లో పెద్ద వాటా ఈ కీలు దగ్గరే. ఫుల్ స్పీడ్‌లో ఒకే కాలి మీద ఒంటి బరువుకి రెండు రెట్లకి పైగా లోడ్ పడే క్షణం ఉంటుంది, అప్పుడు ఆ కీలు దాదాపు నేలకి ఆనేంత కిందికి వంగుతుంది, స్లో మోషన్ వీడియో దొరికితే చూడండి నమ్మబుద్ధి కాదు. చనిపోయిన గుర్రాలకి పోస్ట్‌మార్టం చేస్తే ఎక్కువ వాటిలో పాత దెబ్బ ఆనవాళ్ళు దొరికాయి. టెక్నాలజీ అంతా ఈ ఒక్క విషయం మీదే నిలబడి ఉంది: ముందే ఉన్న దెబ్బని ముందే పట్టుకోవచ్చు.

పెట్ (PET) స్కాన్ అంటున్నారు, అది క్యాన్సర్ పేషెంట్లకి చేసేదే కదా? గుర్రాన్ని ఎలా పడుకోబెడతారు?

పద్ధతి అదే, కానీ పడుకోబెట్టరు. అసలు దీని గొప్పతనమే అది, ఎందుకంటే గుర్రానికి ఫుల్ అనస్థీషియా ఇచ్చి పడుకోబెట్టడం, మళ్ళీ లేపడం రెండూ రిస్కే, లేచేటప్పుడు తడబడి కాలు విరగ్గొట్టుకునే గుర్రాలు ఉంటాయి. ముందు రేడియోయాక్టివ్ సోడియం ఫ్లోరైడ్‌ని రక్తంలోకి ఎక్కిస్తారు, ఎముక ఎక్కడ తనని తాను రిపేర్ చేసుకుంటూ ఉంటే అక్కడికి ఆ మందు ఎక్కువగా చేరుతుంది. కొంచెం మత్తు ఇచ్చి నిలబెట్టి, కాలి చుట్టూ రింగులాంటి స్కానర్ పెడతారు, గుర్రం బెదిరి కదిలితే రింగ్ తెరుచుకునేలా చేశారు. కొద్ది నిమిషాల్లో ఫొటో వచ్చేస్తుంది, అందులో వెలుగుతూ కనపడే మచ్చ ఉందంటే అక్కడ ఎముక ఒత్తిడిలో ఉన్నట్టు. ఎక్స్‌రేలో ఎముక ఆకారం మారాకే తెలుస్తుంది, పెట్‌లో ఆకారం మారకముందే తెలుస్తుంది. కాలిఫోర్నియాలోని శాంటా అనీటా ట్రాక్‌లో ఇది 2019 డిసెంబర్‌లో వచ్చింది, ఊరికే రాలేదు, అంతకుముందు ఆరు నెలల సీజన్‌లో అక్కడ 30 గుర్రాలు చనిపోయి ట్రాక్ మూసేయాలనే దాకా గొడవ నడిచింది.

మరి ప్రతి గుర్రానికీ రేసుకి ముందు స్కాన్ చేసేయొచ్చుగా, పీడా పోతుంది?

ఖర్చు ఒకటి, మెషిన్లు కొన్నిచోట్లే ఉండటం ఇంకోటి, రేడియోయాక్టివ్ మందు గంటల్లో బలం తగ్గిపోతుంది కాబట్టి తయారుచేసే చోటుకి దగ్గర్లో ఉండాలి, ఇంజెక్షన్ ఇచ్చిన గుర్రాన్ని కొంతసేపు విడిగా ఉంచాలి. ఆస్ట్రేలియాలో పెద్ద రేసైన మెల్‌బోర్న్ కప్ వాళ్ళు ఒక దారి పట్టారు, 2020లో ఆంథనీ వాన్ డైక్ అనే గుర్రం ఆ రేసులోనే కాలు విరిగి పోయాక, 2021 నుంచి విదేశాల నుంచి వచ్చే గుర్రాలకి సీటీ స్కాన్ తప్పనిసరి చేశారు. పెద్ద రేసుకి అది నడుస్తుంది. రోజూ జరిగే చిన్న రేసుల్లో ఇప్పటికీ పొద్దున్నే డాక్టర్ వచ్చి కాళ్ళు తడిమి, వేడి వాపు చూసి, కీలు వంచి, రెండు చక్కర్లు పరిగెత్తించి చూడటమే మెయిన్ చెక్. తక్కువ అంచనా వేయొద్దు, మంచి వెట్ (జంతువుల డాక్టర్) చెయ్యి చాలా పట్టేస్తుంది.

జీను కింద సెన్సర్ పెడుతున్నారంట, అది ఏం చెప్తుంది?

ఫోన్ అంత సైజులో ఉండే డబ్బా, జీను కింద వేసే గుడ్డలో పెడతారు. గుర్రం పరిగెత్తేటప్పుడు పైకి కిందికి, ముందుకి వెనక్కి, పక్కలకి ఎలా ఊగుతోందో సెకనుకి వందల సార్లు రికార్డ్ చేస్తుంది. స్ట్రైడ్‌సేఫ్ అనే కంపెనీది బాగా వినపడే పేరు, రేసు అయ్యాక ట్రాఫిక్ లైట్ రంగుల్లో రిపోర్ట్ ఇస్తుంది. కంటికి కుంటుతున్నట్టు కనపడని తేడా కూడా ఇందులో దొరుకుతుంది, మనిషి కన్ను ఆ స్పీడ్‌లో అడుగులు లెక్కపెట్టలేదు కదా. కానీ రెడ్ వచ్చిన ప్రతి గుర్రానికీ దెబ్బ ఉన్నట్టు కాదు, కొన్నిటి నడకే అంత. రెడ్ అంటే డాక్టర్‌కి చూపించు అని అర్థం, అంతే. నా వరకు పెట్ స్కాన్ కంటే దీని మీదే నమ్మకం ఎక్కువ, ఎందుకంటే చవక, ప్రతి రేసులో ప్రతి గుర్రానికీ పెట్టొచ్చు, అదే గుర్రం పాత నడకతో కొత్త నడకని పోల్చొచ్చు.

రేసు రోజు లేసిక్స్ ఇస్తారు అంటే డోపింగేనా?

అది ఒంట్లో నీళ్ళు బయటికి పంపే మందు. గట్టిగా పరిగెత్తినప్పుడు గుర్రాలకి ఊపిరితిత్తుల్లో రక్తం కారుతుంది, దాన్ని తగ్గించడానికి వాడతారు. చాలా దేశాల్లో రేసు రోజు ఒప్పుకోరు, అమెరికాలో దశాబ్దాలు ఒప్పుకున్నారు, ఇప్పుడు అక్కడ కూడా రెండేళ్ళ గుర్రాల రేసుల్లో, స్టేక్స్ రేసుల్లో (పెద్ద ప్రైజ్ మనీ ఉండేవి) ఆపేశారు. అసలు భయపడాల్సింది నొప్పి తెలియకుండా చేసే మందులకి, నొప్పి తెలియని గుర్రం ఆగదు.

## రేసు జరిగేటప్పుడు

మట్టి, గడ్డి, సింథటిక్ ట్రాకుల్లో ఏది సేఫ్? సేఫ్ ఉంటే అన్నిచోట్లా అదే వేయొచ్చుగా?

అమెరికా లెక్కల్లో ఏళ్ళ తరబడి సింథటిక్ మీద చావులు తక్కువ, మట్టి మీద ఎక్కువ, గడ్డి మధ్యలో. సింథటిక్ అంటే ఇసుక, ఫైబర్, రబ్బర్ ముక్కలకి మైనం పట్టించిన మిక్స్, పాలీట్రాక్, టపేటా లాంటి పేర్లు. వాన పడినా పెద్దగా మారదు. కాలిఫోర్నియా రేసింగ్ బోర్డ్ 2006లో పెద్ద ట్రాకులన్నీ సింథటిక్‌కి మారాలని ఆర్డర్ వేసింది, మార్చారు, తర్వాత శాంటా అనీటాలో నీళ్ళు దిగక రేసులు క్యాన్సిల్ అయ్యాయి, ట్రైనర్లు వెనక కాళ్ళకి వేరే రకం దెబ్బలు వస్తున్నాయన్నారు, పందెం కాసేవాళ్ళకి పాత లెక్కలు పనికిరాకుండా పోయాయి, 2010 చివర్లో శాంటా అనీటా మళ్ళీ మట్టికి వచ్చేసింది. ఏ ట్రాక్ అయినా మెయింటెనెన్స్‌లో ఉంది అసలు కథ. తేమ ఎంత, పై పొర మందం ఎంత, కింద గట్టి పొర ఎగుడుదిగుడు లేకుండా ఉందా అని ఇప్పుడు రాడార్‌తో కూడా కొలుస్తున్నారు, గుర్రం గిట్ట దెబ్బని నకలు చేసే మెషిన్‌తో నేలని కొట్టి చూస్తున్నారు.

గుర్రాలు దూకే అడ్డుకంచెలకి (హర్డిల్స్) ఉన్న ఆరెంజ్ కలర్ తీసేసి తెలుపు ఎందుకు వేశారు?

మనకి పచ్చగడ్డి మీద ఆరెంజ్ కొట్టొచ్చినట్టు కనపడుతుంది, గుర్రానికి కాదు. వాటి కళ్ళలో రంగు పట్టే కణాలు రెండు రకాలే, ఆరెంజ్, పచ్చ రెండూ ఒకేలాంటి రంగుగా కనపడతాయి. ఎక్సెటర్ యూనివర్సిటీ వాళ్ళు పరీక్షించి చెప్తే బ్రిటన్ రేసింగ్ 2022 నుంచి తెలుపుకి మారింది. అన్నేళ్ళూ మనుషుల కళ్ళకి రంగు వేసి గుర్రాలతో దూకించారు.

బ్రిటన్‌లో కంచెలు దూకే పెద్ద రేసు గ్రాండ్ నేషనల్‌లో కూడా ఇలాగే ఒక్కోటి మార్చుకుంటూ వచ్చారు. కంచెల లోపలి గట్టి చెక్క తీసి 2013 రేసుకల్లా మెత్తటి ప్లాస్టిక్ పెట్టారు, 2024 నుంచి 40 గుర్రాల బదులు 34, మొదటి కంచెని స్టార్ట్‌కి దగ్గరగా జరిపారు, స్పీడ్ అందుకోకముందే దూకేస్తాయని.

కొరడా ఎందుకు బ్యాన్ చేయరు?

నార్వేలో చేసేశారు. బ్రిటన్‌లో ఫ్లాట్ రేసులో (కంచెలు లేనిది) 6 సార్లు, జంప్ రేసులో (కంచెలు దూకేది) 7 సార్లు లిమిట్, నాలుగు ఎక్కువ కొడితే గుర్రాన్నే డిస్‌క్వాలిఫై చేస్తారు, 2023 నుంచి. అమెరికాలో 6. ఇప్పుడు వాడేది మెత్తటి ప్యాడ్ ఉన్నది, గుర్రం పక్కకి లాగేస్తుంటే సరిచేయడానికి కావాలి అనేది జాకీల వాదన. సరిచేయడానికైతే ఓకే, గెలవడానికి కొట్టడం ఎందుకు అనేది నా డౌట్, ఎందుకంటే అలిసిన గుర్రాన్ని కొడితే దెబ్బ ఉన్న కాలి మీద ఇంకా బరువు వేయించినట్టే.

జాకీల సంగతేంటి, వాళ్ళ గురించి ఎవరూ మాట్లాడరు?

నిజమే, మాట్లాడరు. పని చేస్తుంటే వెనకే అంబులెన్స్ వచ్చే ఉద్యోగాలు చాలా తక్కువ ఉంటాయి, జాకీది అందులో ఒకటి. హెల్మెట్, ఛాతీకి సేఫ్టీ వెస్ట్ తప్పనిసరి, రేసులోనే కాదు పొద్దున్న ట్రైనింగ్‌లో ఎక్కేవాళ్ళకి కూడా. పక్క రైలింగ్ ఇనుముది పోయి ప్లాస్టిక్ వచ్చింది, పడినా గుచ్చుకోకుండా. స్టార్టింగ్ గేట్ లోపలంతా మెత్తటి ప్యాడింగ్, ముందు తలుపుల్ని పట్టుకుని ఉండేది ఎలక్ట్రో మాగ్నెట్, స్టార్టర్ బటన్ నొక్కితే కరెంట్ ఆగిపోయి అన్నీ ఒకేసారి తెరుచుకుంటాయి. తలకి దెబ్బ తగిలితే టెస్ట్ పాస్ అయ్యేదాకా మళ్ళీ ఎక్కనివ్వరు, సీజన్ మొదట్లో తీసుకున్న బేస్‌లైన్ టెస్ట్‌తో పోల్చి చూస్తారు.

ఇంత చేస్తున్నారు, చావులు నిజంగా తగ్గాయా లేక పబ్లిసిటీనా?

తగ్గాయి. అమెరికా జాకీ క్లబ్ డేటాబేస్‌లో 2009లో వెయ్యి స్టార్టులకి (ఒక గుర్రం ఒక రేసులో దిగితే ఒక స్టార్ట్) 2.00 చావులు ఉండేవి, 2022కి 1.25. కొత్త జాతీయ సేఫ్టీ అథారిటీ కింద ఉన్న ట్రాకుల్లో 2024లో 0.90. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, ఇవి రేసులో దెబ్బ తగిలి పోయినవే, ట్రైనింగ్‌లో పోయినవి వేరే లెక్క. పైగా యావరేజ్ తగ్గినా ఒక్కో చోట ఒక్కసారిగా పెరుగుతుంది, 2023 సీజన్‌లో కెంటకీ డెర్బీ జరిగే చర్చిల్ డౌన్స్‌లో 12 గుర్రాలు పోయి రేసుల్నే వేరే ట్రాక్‌కి మార్చారు.

## రేస్‌కోర్సులు, వాటి మీద చట్టాలు

అమెరికాలో హీసా అంటారు, అదేంటి? టెక్సాస్ ఎందుకు ఒప్పుకోలేదు?

హార్స్ రేసింగ్ ఇంటెగ్రిటీ అండ్ సేఫ్టీ యాక్ట్, 2020లో వచ్చింది. అంతకుముందు ఒక్కో రాష్ట్రానికి ఒక్కో రూల్, ఒకచోట సస్పెండ్ అయిన మనిషి పక్క రాష్ట్రంలో ఎలాగోలా నెట్టుకొచ్చేవాడు. సేఫ్టీ రూల్స్ 2022 జూలై 1 నుంచి, మందుల కంట్రోల్ 2023 మే నుంచి మొదలయ్యాయి. టెక్సాస్ ఒప్పుకోకపోవడంలో కిటుకు ఏంటంటే, ఈ చట్టం పట్టు రాష్ట్రాల మధ్య జరిగే పందెం మీద ఉంది. బయటి రాష్ట్రాల వాళ్ళు పందెం కాసే రేసులకే ఇది వర్తిస్తుంది కాబట్టి టెక్సాస్ తన రేసుల వీడియో సిగ్నల్ బయటికి అమ్మడం ఆపేసి బయట ఉండిపోయింది, పందెం వ్యాపారం బాగా పడిపోయింది, అయినా సరే అంది. గుర్రం కాలికి సంబంధించిన రూల్ ఒకటి పందెం ఎక్కడి నుంచి వస్తోంది అనే దాని మీద ఆధారపడటం ఎంత విచిత్రమో చూడండి. కోర్టుల్లో కూడా నలిగింది, అప్పీల్ కోర్టులు ఒకటి ఔనంటే ఒకటి కాదన్నాయి, 2025 జూన్‌లో సుప్రీంకోర్టు ఆ తీర్పుల్ని పక్కనపెట్టి మళ్ళీ చూడమని పంపింది.

బ్రిటన్‌లో రేసింగ్ వాళ్ళు స్ట్రైక్ చేశారంట, ఎందుకు?

2025 సెప్టెంబర్ 10న ఆ రోజు నాలుగు చోట్ల జరగాల్సిన రేసులు క్యాన్సిల్ చేసుకున్నారు. ఆన్‌లైన్ పందేలన్నిటికీ ఒకే టాక్స్ చేద్దామని గవర్నమెంట్ అనుకుంది, అలా చేస్తే రేసుల మీద 15% కాస్తా స్లాట్ గేమ్స్‌తో సమానంగా పెరుగుతుందని వీళ్ళ భయం. అక్కడ 1961 నుంచి లెవీ (బుకీల దగ్గర రేసుల కోసం వసూలు చేసే వాటా) సిస్టం ఉంది, రేసుల పందెం మీద బుకీల లాభంలో 10% లెవీ బోర్డ్‌కి వెళ్తుంది, ప్రైజ్ మనీలో కొంత, డోప్ టెస్టులు, వెట్ రీసెర్చ్ లాంటి వాటికి డబ్బు అందులోంచే వెళ్తుంది. నవంబర్ బడ్జెట్‌లో మిగతా ఆన్‌లైన్ జూదానికి టాక్స్ పెంచి గుర్రప్పందేన్ని 15% దగ్గరే వదిలేశారు.

హాంకాంగ్ మోడల్ గొప్పది అంటారు, అంత గొప్పా?

ఒకే క్లబ్, లాభాపేక్ష లేనిది, లీగల్ పందెం మొత్తం దాని చేతిలోనే, గుర్రాలన్నీ దాని లాయాల్లోనే, డాక్టర్లు దాని ఉద్యోగులే. రేసుల పందెంలో గెలిచినవాళ్ళకి ఇవ్వగా మిగిలిన దాని మీద 72.5% నుంచి 75% దాకా డ్యూటీ కడుతుంది, అయినా స్కానర్లకీ ఆస్పత్రికీ డబ్బుంటుంది. ఏ గుర్రానికి ఎప్పుడు ఏ దెబ్బ తగిలిందో వెట్ రికార్డ్ వెబ్‌సైట్‌లో పెడతారు, పందెం కాసేవాడు కూడా చదువుకోవచ్చు. మిగతావాళ్ళు కాపీ కొట్టాల్సింది అదొక్కటే అనిపిస్తుంది.

రేస్‌కోర్సులు ఎందుకు ఒక్కొక్కటీ మూసేస్తున్నారు?

స్థలం రేటు ముందు రేసు ఆదాయం ఆనదు. మకావు 2024 ఏప్రిల్ 1తో, సింగపూర్ 2024 అక్టోబర్ 5న చివరి రేసుతో ముగించేశాయి. చెన్నై గిండీలో అదే సంవత్సరం ప్రభుత్వం లీజ్ రద్దు చేసి దాదాపు 160 ఎకరాలు వెనక్కి తీసుకుంది.

## పందెం కాసేవాళ్ళకి

ఇండియాలో గుర్రప్పందెం లీగలేనా? పేకాట పట్టుకుంటారు, దీన్ని వదిలేస్తారు, ఇదెక్కడి న్యాయం?

లీగలే, కండిషన్లున్నాయి. తమిళనాడు బ్యాన్ చేస్తే మద్రాస్ రేస్ క్లబ్ కోర్టుకెళ్ళింది, 1996లో కె.ఆర్. లక్ష్మణన్ కేసులో సుప్రీంకోర్టు గుర్రప్పందెం ప్రధానంగా స్కిల్ మీద ఆధారపడింది, గుర్రం ట్రైనింగ్, జాకీ, పాత ఫామ్ ఇవన్నీ చదివి కాసేది కాబట్టి జూదం కిందకి రాదు అంది. అయితే బెట్టింగ్ అనేది రాజ్యాంగంలో రాష్ట్రాల లిస్టులో ఉంది, రాష్ట్రం లైసెన్స్ పెట్టొచ్చు, లిమిట్ పెట్టొచ్చు. తెలంగాణలో రేసు రోజున, అనుమతి ఉన్న ఆవరణలో, లైసెన్స్ ఉన్న బుకీ దగ్గరో టోట్ (అందరి పందెం డబ్బు ఒకచోట వేసి గెలిచినవాళ్ళకి పంచే క్లబ్ కౌంటర్) దగ్గరో కాస్తే మినహాయింపు. బయట సందులో చీటీ రాసేవాడి దగ్గర అదే మలక్‌పేట రేసు మీద కాస్తే అది కేసే.

ఆన్‌లైన్‌లో కాయొచ్చా? స్కిల్ గేమ్ కదా?

2025 ఆగస్టులో కేంద్రం ఆన్‌లైన్ గేమింగ్ చట్టం తెచ్చింది, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేములు స్కిల్ అయినా ఛాన్స్ అయినా నిషేధమే. అంటే స్కిల్ కదా అనే వాదన ఆన్‌లైన్‌లో చెల్లదు. టెలిగ్రామ్‌లో ఐడీ ఇస్తాం అనే బ్యాచ్‌కి దూరంగా ఉండండి, గెలిస్తే డబ్బు ఇవ్వడు, కంప్లైంట్ ఇద్దామంటే మీరూ చిక్కుల్లో పడొచ్చు.

టోట్‌లో రేటు చివరి నిమిషంలో ఎందుకు మారిపోతుంది, మోసమా?

మోసం కాదు. టోట్‌లో మీరు క్లబ్‌తో పందెం కాయట్లేదు, మిగతా జనంతో కాస్తున్నారు. ఉదాహరణకి విన్ పూల్‌లో (ఏది గెలుస్తుందో అని కాసిన డబ్బంతా) 1,00,000 పడిందనుకోండి, క్లబ్ ఖర్చులకి 20% తీసేస్తే 80,000. గెలిచిన గుర్రం మీద జనం పెట్టింది 10,000 అయితే రూపాయికి 8 వస్తుంది. గేట్ తెరిచే ముందు ఎవడో అదే గుర్రం మీద ఇంకో 10,000 వేస్తే పూల్ 1,10,000, మిగిలేది 88,000, పంచుకునేది 20,000 మీద, రూపాయికి 4.40. లైసెన్స్ బుకీ దగ్గరైతే చీటీ మీద రాసిన రేటే ఫైనల్.

జీఎస్టీ ఎంత? దేని మీద?

2023 అక్టోబర్ 1 నుంచి పందెం పూర్తి మొత్తం మీద 28%, 2025 సెప్టెంబర్ 22 నుంచి 40%. టోట్‌కి దక్కేది కమిషనే కదా దాని మీదే టాక్స్ వేయాలని 2021లో కర్ణాటక హైకోర్టు అంది, తర్వాత చట్టాన్నే మార్చేశారు. దీనివల్ల జనం పందెం మానట్లేదు, టాక్స్ లేని దొంగ బుకీ దగ్గరికి పోతున్నారు, అక్కడికి పోయిన రూపాయిలో పైసా కూడా ట్రాక్ రిపేర్‌కి గానీ వెట్‌కి గానీ రాదు.

గెలిచిన డబ్బు మీద ఇన్‌కమ్ టాక్స్ కట్టాలా? పోయిన డబ్బు తగ్గించి చూపించొచ్చా?

గెలుపు మీద ఫ్లాట్ 30%, సెస్ అదనం, మీ స్లాబ్‌తో పని లేదు. ఒకే పేమెంట్ 10,000 దాటితే ఇచ్చేటప్పుడే టీడీఎస్ కోసేస్తారు, దాటకపోయినా రిటర్న్‌లో మీరు చూపించాలి. పోయింది తగ్గించుకోవడం కుదరదు, ఉదయం రేసులో 50,000 పోయి సాయంత్రం 20,000 వచ్చినా ఆ 20,000కి టాక్స్ కట్టాల్సిందే. రేసు గుర్రాలు సొంతంగా మెయింటైన్ చేసే ఓనర్లకి మాత్రం ఆ ఖర్చుల నష్టాన్ని నాలుగేళ్ళ దాకా ముందుకి తీసుకెళ్ళే వీలుంది, అది కూడా గుర్రాల ఆదాయం మీదే, జీతం మీద కాదు.